రెండింతల కెరటం, నాలుగింతల కూలి

ముదలియార్‌పేట అంటే పుదుచ్చేరిలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కడలూరు రోడ్డు, ఆ రోడ్డు పక్కన మూతపడ్డ బట్టల మిల్లు. సముద్రం గుర్తు రాదు. యానాం వాళ్లం ఏదైనా కచేరీ పని పడితే 800 కిలోమీటర్ల పైచిలుకు దాటి రాజధానికి రావాలి కదా, అలా వచ్చినప్పుడల్లా నేను దిగేది ముదలియార్‌పేటలో, మా చెల్లెలి ఇంట్లో. సాయంత్రం పని లేకపోతే తేంగాయ్‌తిట్టు మీదుగా తూర్పుకు నడుస్తాను. చేపల రేవు, వరుసగా కట్టేసిన పడవలు, ఆ తర్వాత అరియాంకుప్పం ఏరు సముద్రంలో కలిసే చోటు. ఏటి నోటికి రెండు పక్కలా సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాతిగట్లు.

ఆ గట్లకు దక్షిణాన ఇసుక మేట వేసి ఉంటుంది. ఉత్తరాన, పట్టణం ముందుకు వచ్చేసరికి, చాలాకాలం పాటు కనిపించింది నల్లరాళ్ల గుట్టలే. సముద్రం ఒకటే, గాలి ఒకటే, కెరటాలూ అవే. ఒక పక్క పెట్టిన చేయి, ఇంకో పక్క లాక్కున్న చేయి ఒకటే. ఆ చేతిలో బలం ఎంత అన్నది లెక్కగట్టడానికి భౌతికశాస్త్రం దగ్గర ఒక చిన్న సూత్రం ఉంది. పదో తరగతి దాటిన ప్రతివాడూ ఏదో ఒక పరీక్షలో రాసే ఉంటాడు: తరంగ శక్తి దాని కంపన పరిమితి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. రాసి, మార్కులు తెచ్చుకుని, మరిచిపోతాం. ఎందుకు వర్గం? రెట్టింపు అలకు రెట్టింపు శక్తి ఉంటే పోయేదేముంది?

ఇది నాకు అర్థమైంది తరగతి గదిలో కాదు, చెరువు పూడిక పనిలో. మట్టి పని చేసేవాళ్లకు లీడు, లిఫ్టు అని రెండు మాటలు తెలుసు. లీడు అంటే మట్టిని ఎంత దూరం మోశావు, లిఫ్టు అంటే ఎంత ఎత్తుకు మోశావు. గుంత తవ్వి, ఆ మట్టితోనే పక్కన గట్టు పోస్తున్నారనుకోండి. గుంత పొడవు, వెడల్పు మార్చకుండా లోతు మాత్రం రెట్టింపు చేయమన్నారు. తవ్వాల్సిన మట్టి రెట్టింపు అవుతుంది. అంతటితో అయిపోలేదు. గుంత లోతుగా పోయింది, గట్టు ఎత్తుగా లేచింది, కాబట్టి ప్రతి తట్టనూ ఎత్తాల్సిన ఎత్తు కూడా రెట్టింపు. రెండింతల మట్టి, రెండింతల లిఫ్టు. కూలి నాలుగింతలు ఇవ్వకపోతే మేస్త్రీ గొడవ పెట్టుకుంటాడు, పెట్టుకోవాలి కూడా.

సముద్రం మీద అల అంటే ఇదే మట్టి పని, నీళ్లతో. నిశ్చలంగా ఉన్న నీటిమట్టం నుంచి కొంత నీటిని తవ్వితే ద్రోణి, ఆ నీటినే పక్కన పోస్తే శృంగం. కంపన పరిమితి రెట్టింపు అయితే ఎత్తాల్సిన నీరు రెట్టింపు, ఎత్తే ఎత్తు రెట్టింపు. ఇది స్థితిజ శక్తి లెక్క. గతిజ శక్తిదీ అదే దారి. అల కింద నీటి కణాలు గుండ్రంగా తిరుగుతుంటాయి. అల పెద్దదైతే వలయం పెద్దది, కానీ తిరగడానికి పట్టే సమయం అదే, కాబట్టి వేగం రెట్టింపు. వేగం రెట్టింపు అయితే గతిజ శక్తి నాలుగింతలు. చిన్న అలల్లో ఈ రెండు వాటాలూ సరిసమానం. కొలతలు మార్చి మార్చి చూసినా వర్గం వదలదు.

అంకెల్లో చెప్పుకుంటే, ద్రోణి అడుగు నుంచి శృంగం కొస వరకు 1 మీటరు ఎత్తున్న చక్కని, క్రమమైన అలలో, సముద్ర ఉపరితలం ప్రతి చదరపు మీటరుకూ సుమారు 1,250 జౌళ్ల శక్తి ఉంటుంది. 25 కిలోల బియ్యం బస్తాను 5 మీటర్ల పైకి చేర్చినంత. అల 2 మీటర్లయితే నాలుగు బస్తాలు. 4 మీటర్లయితే పదహారు. కంటికి మాత్రం ఒకటి, రెండు, నాలుగు అనే కనిపిస్తుంది. కన్ను ఎత్తును చూస్తుంది, ఒడ్డు దాని వర్గాన్ని భరిస్తుంది.

ఇక్కడే ఒక చిక్కు. పాఠ్యపుస్తకం చెప్పే కంపన పరిమితి నిశ్చల మట్టం నుంచి శృంగం దాకా. సముద్రం వార్తల్లో చెప్పే అల ఎత్తు ద్రోణి నుంచి శృంగం దాకా, అంటే దానికి రెండింతలు. ఒకదాని సూత్రంలో ఇంకొకటి వేస్తే జవాబు ఒక్క దెబ్బతో నాలుగింతలు తప్పిపోతుంది. ఇంజనీరింగ్ పిల్లలు ఈ గోతిలో ఎంతమంది పడతారో వాళ్ల మాస్టార్లను అడగండి.

సరే, శక్తి ఉంది. అది ఒడ్డుకు ఏ చొప్పున వచ్చి పడుతుంది? దీనికి వర్గంతో పాటు ఇంకో అంకె కావాలి: ఒక అలకూ ఇంకో అలకూ మధ్య ఎన్ని సెకన్లు. ఎగుడుదిగుడుగా కలగాపులగంగా వచ్చే నిజమైన సముద్రంలో, ఎత్తు 1 మీటరు, ఎడం 8 సెకన్లు అనుకుంటే, తీరం ప్రతి మీటరు పొడవుకూ దాదాపు 4 కిలోవాట్లు చేరుతుంటాయి. మన భాషలో ఐదు హెచ్‌పీ మోటారు. ఒడ్డు పొడవునా మీటరుకొక ఐదు హెచ్‌పీ మోటారు పెట్టి, రాత్రింబవళ్లు కరెంటు పోకుండా నడుపుతున్నట్టు ఊహించుకోండి. ఎత్తు 2 మీటర్లయిన రోజున అవి ఇరవై హెచ్‌పీ మోటార్లు. 3 మీటర్లయితే నలభై ఐదు పైనే.

ఇంత కరెంటు ఊరికే పోతుంటే పట్టుకోవచ్చు కదా అంటారు. పట్టుకున్నారు. తిరువనంతపురం దగ్గర విళింజంలో మద్రాసు ఐఐటీ శాస్త్రవేత్తలు 1991లో 150 కిలోవాట్ల ప్లాంటు నిలబెట్టారు. అల ప్లాంటులోని గదిలోకి ఎగసినప్పుడు లోపలి గాలి పైకి తోసుకొస్తుంది, ఆ గాలితో టర్బయిను తిరుగుతుంది. కానీ ఈ వ్యాపారానికి శత్రువు కూడా ఆ వర్గమే. మామూలు రోజుల అలకు సరిపడేలా యంత్రం కట్టాలి, తుపాను రోజు ఐదింతల అల వస్తే ఇరవై ఐదింతల దెబ్బకూ అది నిలవాలి. ఏడాదంతా మోపెడ్ తోలుకునేవాడు ఒక్క రోజు కోసం లారీ కొనుక్కోవాల్సి వస్తే ఎలా ఉంటుంది?

అల ఎత్తు అని సులువుగా అనేస్తున్నాను, కానీ సముద్రంలో ఏ రెండు అలలూ ఒక ఎత్తున ఉండవు. బులెటిన్‌లో ఇచ్చే ఎత్తు అలలన్నిటి సగటు కాదు. వచ్చిన అలలన్నిటినీ ఎత్తు వరసన పేర్చి, పై మూడో వంతును మాత్రం తీసుకుని, దాని సగటు చెబుతారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యాన్ని ఒడ్డుకు దించడానికి ఏ రోజు అనువైనదో ముందే చెప్పాల్సి వచ్చినప్పుడు స్వెర్‌డ్రప్, మంక్ అనే ఇద్దరు సముద్ర శాస్త్రవేత్తలు తెచ్చిన పద్ధతి ఇది. అనుభవమున్నవాడు ఒడ్డున నిలబడి కంటితో చెప్పే ఎత్తుకు ఈ లెక్కే దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే చిన్న అలలను కన్ను ఎలాగూ లెక్కపెట్టదు. ఇందులో ఇమిడి ఉన్న హెచ్చరిక ఒకటుంది. ఇలాంటి సముద్రంలో ఒక వెయ్యి అలలు లెక్కపెడితే, వాటిలో అన్నిటికంటే పెద్దది ఆ చెప్పిన ఎత్తుకు దాదాపు రెండింతలకు చేరుతుంది. బులెటిన్‌లో 2 మీటర్లంటే ఆ పూట ఎక్కడో ఒకటి మూడున్నర మీటర్ల పైది కూడా రావచ్చని చదువుకోవాలి.

శక్తిని లెక్కగట్టేటప్పుడు సగటు ఎత్తు ఎందుకు పనికిరాదో కూడా వర్గమే చెబుతుంది. ఒకటి విడిచి ఒకటి 1 మీటరు, 3 మీటర్ల అలలు వస్తున్నాయనుకుందాం. సగటు 2, దాని వర్గం 4. కానీ ముందే వర్గాలు చేసి సగటు తీస్తే 1, 9, మధ్యన 5. పెద్ద అలలు తమ వాటాకు మించి మోసుకొస్తాయి. ఏడాదంతా కలిపి చూసినా ఇంతే: ఒడ్డు రూపును దిద్దడంలో అరుదుగా వచ్చే ఆ నాలుగైదు రోజుల వాటా వాటి లెక్కకు మించి ఉంటుంది.

మళ్లీ ఏటి నోటికి వద్దాం. ఆ రాతిగట్లు 1986 నుంచి 1989 దాకా కట్టారు, రేవులోకి ఇసుక రాకుండా ఉండటానికి. కోరమాండల్ తీరం వెంట ఇసుక ఒక చోట ఉండదు. అల ఒడ్డుకు ఏటవాలుగా వచ్చి విరిగినప్పుడు ఇసుకను లేపి పక్కకు ఒక అడుగు జరుపుతుంది. నైరుతి రుతుపవనాల కాలమంతా ఈ నడక ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాల కొద్ది నెలలూ దక్షిణానికి. ఏడాది చివర లెక్క చూస్తే మొగ్గు ఉత్తరానికే. ఈ ఇసుక నడక అల ఎత్తును బట్టి పెరిగే తీరు మామూలు వర్గం కంటే కూడా నిటారుగా ఉంటుంది. తీర ఇంజనీర్లు వాడే సూత్రంలో ఎత్తుకు ఘాతం రెండున్నర. రెండు శక్తి కోసం, మిగతా అర ఆ శక్తి ఒడ్డుకు చేరే వేగం కోసం. అంటే విరిగే అల రెట్టింపు ఎత్తుదైతే ఐదున్నర రెట్లకు పైగా, మూడింతలదైతే పదిహేను రెట్లకు పైగా ఇసుక కదులుతుంది. 2011 డిసెంబరు 30న థానే తుపాను ఇక్కడికి, కడలూరుకు మధ్యన తీరం దాటింది. 2024 నవంబరు 30న ఫెంగల్ పుదుచ్చేరి దగ్గరే దాటింది. అలాంటి ఒక్క రోజులో సముద్రం చేసే మట్టి పని మామూలు రోజుల్లో రెండు వారాలు చేసేదానికి సమానం కావచ్చు.

ఉత్తరానికి నడిచే ఇసుకకు దక్షిణపు గట్టు అడ్డం పడింది. ఆగిన ఇసుక అక్కడ మేటవేసింది. ఉత్తరాన అలలకు ఆ కబురు తెలియదు. వాటి మోటార్లు ఎప్పటిలాగే తిరుగుతున్నాయి, తమ వంతు ఇసుకను పైకి పంపుతూనే ఉన్నాయి, వెనక నుంచి రావలసింది మాత్రం రావడం లేదు. జీతం ఆగిపోయి ఖర్చు ఆగని ఇల్లు లాంటిది. పట్టణం ముందున్న ఇసుకతిన్నె పోయింది, ఆ తర్వాత కురుచికుప్పం, వైతికుప్పం లాంటి మత్స్యకారుల పేటలకు కోత పాకింది, ఆపైన తమిళనాడు ఊళ్లకు. మేటవేసిన ఇసుకను పంపులతో ఉత్తరానికి దాటించాలన్న ఏర్పాటు కాగితం మీద ఉండేది. అది సాగవలసినట్టు సాగలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో ఫ్రెంచివాళ్లు ఇదే ఒడ్డున కట్టిన ఇనుప వంతెన సన్నని స్తంభాల మీద నిలబడేది. అలా, ఇసుకా దాని కాళ్ల మధ్య నుంచి దూరి పోయేవి. ఓడకు దారి ఇచ్చి, ఇసుక దారికి అడ్డం రాని ఆ పాత పద్ధతిలోని తెలివి నాకు గట్ల మీద నిలబడినప్పుడల్లా గుర్తొస్తుంది.

కోతకు జవాబుగా రాళ్లు పోశారు. రాళ్లు రోడ్డును కాపాడాయి, తిన్నెను కాదు. నిటారు గోడకు కొట్టుకున్న అల వెనక్కి మళ్లుతుంది, వచ్చే అలతో కలుస్తుంది. గోడ దగ్గర రెండూ కూడి నీటి ఎగుడుదిగుడు రెట్టింపు అవుతుంది. ఇక్కడ తెలివైన పిల్లవాడు చెయ్యెత్తుతాడు: రెండు అలలు కలిస్తే ఎత్తు రెట్టింపు, అప్పుడు శక్తి నాలుగింతలు అవ్వాలి, కానీ ఉన్నవి రెండు అలల శక్తే కదా, మిగతా రెండు వంతులు ఎక్కడివి? ఎక్కడివీ కావు. గోడ దగ్గర కూడినట్టే, దానికి పావు అల దూరంలో అవి ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి, అక్కడ నీటిమట్టం లేవనే లేవదు. ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ, మొత్తం మాత్రం రెండే. శక్తి పుట్టలేదు, పంపిణీ మారింది. కానీ ఇసుకకు ఈ పంపిణీయే ప్రాణగండం. వాలుగా పోసిన రాళ్లు కొంత శక్తిని మింగుతాయి, అయినా మళ్లిన అల తాకిడికి రాళ్ల పాదం దగ్గర ఇసుక నిలవదు.

2018లో వేరే ఆలోచనతో ఇంకో పని చేశారు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, ప్రధాన సచివాలయం ఎదురుగా నీళ్లలో త్రికోణాకారపు భారీ ఉక్కు పెట్టెను ముంచి కూర్చోబెట్టింది. అల దాటిపోవచ్చు, కానీ తల వంచుకుని దాటాలి. ఎందుకంటే లోతు తగ్గేకొద్దీ అలకు ఒక హద్దు ఉంది: సుమారుగా, అక్కడి నీటి లోతులో నాలుగింట మూడు వంతులు దాటిన ఎత్తున అల నిలబడలేదు, విరిగిపోతుంది. ముంచిన దిబ్బ మీద లోతు తక్కువ కాబట్టి పెద్ద అలలు అక్కడే విరిగి, నురగయి, కుదించుకుని ఒడ్డుకు వస్తాయి. ఇప్పుడు వర్గం మన పక్షాన పనిచేస్తుంది. ఎత్తును సగం చేస్తే చాలు, శక్తిలో మూడు వంతులు పోయినట్టే. గోడలా మొత్తం ఆపాల్సిన అవసరమే లేదు. బలం తగ్గిన నీటి చేతిలోంచి ఇసుక జారి కింద పడింది. నెలల్లోనే పట్టణం ముందు మళ్లీ ఇసుకతిన్నె కనిపించింది. ఏళ్ల తర్వాత అక్కడ పిల్లలు ఇసుకలో కాళ్లు పెట్టడం చూసి మా చెల్లెలు ఫోన్ చేసి మరీ చెప్పింది.

సముద్రం నుంచి కాసేపు మిల్లు దగ్గరకు. ముదలియార్‌పేటలో మూతపడ్డ ఆ మిల్లు ఆంగ్లో-ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్, 1898లో మొదలైంది, 2020లో ఆగిపోయింది. పాతవాళ్ల నోట రోడియర్ మిల్లు. మగ్గాల షెడ్డులో పనిచేసినవాళ్లు సైగలతో మాట్లాడుకోవడం బట్టల మిల్లుల్లో ఎక్కడైనా చూసే సంగతే. ధ్వనీ తరంగమే, వర్గమే దాని లెక్క కూడా. గాలి ఒత్తిడిలో ఎగుడుదిగుడు రెట్టింపు అయితే చెవిలోకి చేరే శక్తి నాలుగింతలు. కొలతలో అది కేవలం 6 డెసిబెల్స్ తేడా. 90 డెసిబెల్స్‌కూ 96కూ మధ్య తేడా ఏముందిలే అనిపిస్తుంది కదా, పక్కన ఇంకో మూడు షెడ్లు తెచ్చి పెట్టినంత. అలల విషయంలో కన్ను మోసం చేస్తే, ఇక్కడ అంకె మోసం చేస్తుంది.

మిల్లు అంటే ఇంకొకటి గుర్తొచ్చింది. పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో నాటింగ్‌హామ్‌లో జార్జ్ గ్రీన్ అని ఒక పిండిమిల్లు యజమాని ఉండేవాడు. బడి చదువు ఏడాది కంటే పెద్దగా లేదు, గాలిమర తిప్పుకుంటూ గణితం నేర్చుకున్నాడు. లోతు తగ్గే కాలువలో అల ఎలా మారుతుందో 1830ల చివర్లో లెక్క కట్టింది ఆయనే. ఆ లెక్క మన తీరానికి 2004 డిసెంబరు 26 ఉదయం అర్థమైంది. సుమత్రా దగ్గర భూకంపం వచ్చిన రెండు గంటలకు జేసన్-1 ఉపగ్రహం బంగాళాఖాతం మీదుగా పోతూ సునామీని కొలిచింది. నడి సముద్రంలో దాని ఎత్తు 60 సెంటీమీటర్లు. మోకాలి ఎత్తు! దాని మీద ఉన్న ఓడకు తెలియను కూడా తెలియదు. కానీ ఆ అల పొడవు వందల కిలోమీటర్లు, ఉపరితలం నుంచి అడుగు దాకా నీళ్లన్నీ కదులుతున్నాయి. 4,000 మీటర్ల లోతులో దాని వేగం గంటకు 700 కిలోమీటర్లు. 10 మీటర్ల లోతుకు వచ్చేసరికి 36. శక్తి దారిలో ఎక్కడా పోకపోతే, ఎత్తు వర్గాన్ని వేగంతో గుణిస్తే వచ్చేది మారకూడదు. వేగం ఇరవయ్యో వంతుకు పడితే ఎత్తు వర్గం ఇరవై రెట్లు కావాలి, ఎత్తు నాలుగున్నర రెట్లు. 60 సెంటీమీటర్లు 2.7 మీటర్లయ్యాయి, ఆపైన ఒడ్డు వాలును బట్టి, వంపును బట్టి ఇంకా. పుదుచ్చేరి పాత పట్టణం ముందు ఫ్రెంచి కాలం నాటి ఎత్తయిన కట్టడం, దాని ముందు పోసిన రాళ్లు ఆ రోజు కాచాయి. తిన్నెను నిలబెట్టలేని రాళ్లే ప్రాణాలను నిలబెట్టాయి. కట్టడం లేని మత్స్యకారుల పేటల్లో అలా జరగలేదు.

ఆ తర్వాత 2007లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం వచ్చింది. సముద్రానికి 500 మీటర్ల పైన, దక్కను రాళ్ల మధ్య కూర్చుని దేశం తీరమంతటికీ అలల జాతకం చెప్పే సంస్థ అది. పుదుచ్చేరి తీరానికి ఎదురుగా దాని తేలియాడే కొలమానం ఒకటి ఉంది, పసుపుపచ్చని గుండు లాంటిది. అల మీద అది లేస్తూ పడుతూ తన త్వరణాన్ని కొలుచుకుంటుంది, ఆ త్వరణం నుంచి ఎత్తును రాబట్టి ఒడ్డుకు పంపుతుంది.

ఇన్‌కాయిస్ వాళ్లు ఈమధ్య ఎక్కువగా వాడుతున్న మలయాళపు మాట కళ్లక్కడల్, దొంగ సముద్రం. దక్షిణ మహాసముద్రంలో ఎక్కడో తుపాను రేగుతుంది, అక్కడి అలలు రోజుల తరబడి ప్రయాణం చేసి మన ఒడ్డుకు వస్తాయి. ఇక్కడ గాలి ఉండదు, మబ్బు ఉండదు. 18 సెకన్ల ఎడంతో వచ్చే ఆ అలల శక్తి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో, బస్సులా, నడుస్తుంది. ఎత్తు 1 మీటరే అయినా మన ఐదు హెచ్‌పీ మోటారు ఇప్పుడు పదకొండు హెచ్‌పీ దాటుతుంది, ఎందుకంటే సెకన్లు పెరిగాయి. 2024 మే 6న కన్యాకుమారి జిల్లా లెమూర్ బీచ్‌లో ఐదుగురు వైద్య విద్యార్థులు ఇలాంటి సముద్రానికే బలయ్యారు. ఎత్తు ఒక్కటే చూసి సముద్రాన్ని నమ్మేవాళ్లకు ఎడం ఎంత అన్నది కూడా చెప్పాలి.

మొన్న మళ్లీ ఏటి నోటి దగ్గర నిలబడ్డాను. ఫోన్‌లో ఆ రోజు బులెటిన్ 1.5 మీటర్లు, ముందు రోజు 1.2. ఎత్తులో పెరిగింది పావు వంతే. వర్గం చేస్తే 1.44 ఎక్కడ, 2.25 ఎక్కడ, సగానికి పైగా పెరిగింది. గట్ల మధ్య ఒక పడవ ఇంజన్ నెమ్మది చేసుకుని ఆగి ఉంది. పైగా ఏరు బయటికి తోసే వేళ అది, ఎదురు ప్రవాహానికి అలలు ఇంకా నిటారుగా లేస్తున్నాయి. పెద్దవి గుంపుగా వస్తాయి, గుంపుకూ గుంపుకూ మధ్య కొద్దిసేపు అణిగి ఉంటాయి. శక్తి ప్రయాణం చేసేది ఆ గుంపులతోనే. ఒకటి, రెండు, మూడు, నాలుగు పెద్దవి ముక్కు కింద నుంచి దాటేదాకా చుక్కాని పట్టుకున్నాయన కదల్లేదు. ఐదోది చిన్నగా వచ్చింది. ఇంజన్ ఒక్కసారిగా గర్జించింది, పడవ గట్లు దాటి బయటపడింది.